ఒక్క సున్నా చాలు: పోకర్ ఆటగాడికి ఏమేం కావాలి?

మంచి పోకర్ ఆటగాడికి ఏం ఉండాలి అని అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెప్తారు. పెదనాన్న జ్ఞాపకశక్తి అంటారు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మావయ్య ప్రాబబిలిటీ అంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసే బావ దృష్టిలో అంతా మొహంలోనే ఉంది: ఎలాంటి ముక్కలొచ్చినా మన కనుబొమ్మ కదలకూడదు, ఎదుటివాడిది కదిలితే పట్టుకోవాలి. అందరికన్నా చిన్నవాడు మా మేనల్లుడు. వాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు: "దమ్ముండాలి మావా."

దమ్ముతో సహా ఇవన్నీ కావలసినవే. గొడవంతా ఇవి కలిసే తీరులో ఉంది. మావాళ్లు వీటిని కూడిక లెక్కలా చూస్తారు. జ్ఞాపకం కొంచెం తక్కువైతే ధైర్యం ఇంకొంచెం వేసి సర్దుకోవచ్చని వాళ్ల నమ్మకం. నేను దీన్ని హెచ్చవేత అంటాను. నాలుగు గుణాలు పదికి తొమ్మిది చొప్పున ఉన్నా అయిదోది సున్నా అయితే చివరికి మిగిలేది సున్నాయే. ఈ మాటకి పోకర్ చరిత్రలోనే ఒక పెద్ద సాక్షి ఉన్నాడు. ఆయన్ని పిలిచే ముందు మా ఇంటి సాక్షుల్ని విచారించాలి.

మా వైపు పేక అంటే పదమూడు ముక్కలాటే. శ్రీకాకుళం జిల్లాలో పెళ్లికి వెళ్లినా, విజయనగరంలో గృహప్రవేశానికి వెళ్లినా, భోజనాలయ్యాక ఓ మూల దుప్పటి పరిచి నలుగురు గుండ్రంగా కూర్చున్నారంటే అది రమ్మీయే. పోకర్ మా ఇంటికి సంక్రాంతి సెలవులతో పాటు వచ్చింది. బావ శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, ఆమదాలవలసలో ఇంటికి చేరి, బ్యాగంతా వెతికి, పందెం వేసే బిళ్లల డబ్బా, అంటే చిప్స్, బెంగళూరులోనే ఉండిపోయిందని తేల్చాడు. పిన్ని చింతపిక్కల సంచి తెచ్చి మధ్యలో పెట్టింది. అప్పటి నుంచి మా ఇంట్లో పోకర్ చింతపిక్కలతోనే. సోలతో కొలిచి తలా కొంత పంచుతాం, పండగయ్యాక మళ్లీ సంచిలో పోసేస్తాం.

రమ్మీ తెలిసినవాళ్లకి ఈ ఆట చెప్పడం తేలిక. ఎక్కువమంది ఆడే టెక్సస్ హోల్డెమ్ రకంలో ఒక్కొక్కరికి మూసిన ముక్కలు రెండే. మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు తెరుస్తారు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరుకి ఇంకొకటి. మొత్తం ఏడింటిలో మేలైన అయిదు ఎవరివైతే వాళ్లది గెలుపు. ముక్కలు తెరవకముందు ఒకసారి, తెరిచిన ప్రతిసారీ ఒకసారి, నాలుగు విడతలు పందెం నడుస్తుంది. పందెం పెంచొచ్చు, ఎదుటివాడు వేసినంత వేసి ఆటలో ఉండొచ్చు, లేదా ముక్కలు పడేసి తప్పుకోవచ్చు. తప్పుకోవడం రమ్మీలో డ్రాప్ లాంటిదే. కాకపోతే రమ్మీలో డ్రాప్‌కి ఇరవయ్యో నలభయ్యో రేటు కట్టి ఉంటుంది, ఇక్కడ అప్పటిదాకా వేసింది పోతుంది, అంతే. అసలు తేడా ఇంకొకటుంది. రమ్మీలో షో అన్నవాడు ముక్కలు పరిచి చూపించి తీరాలి. పోకర్‌లో మిగతావాళ్లంతా తప్పుకుంటే చెత్త ముక్కలవాడు కూడా ఏమీ చూపించకుండా పాట్, అంటే మధ్యలో పోగైన పందెం, మొత్తం తీసుకుపోతాడు.

ముందు పెదనాన్న సంగతి. రమ్మీలో ఆయన్ని ఓడించినవాళ్లు మా చుట్టాల్లో తక్కువ. ఎవరు ఏ ముక్క దించారు, ఎవరు ఏది ఎత్తారు, కళావరు తొమ్మిది ఎప్పుడు వెళ్లిపోయింది, అన్నీ చెప్తారు. అంత జ్ఞాపకశక్తితో పోకర్‌కి కూర్చుని మొదటి సాయంత్రమే ఖాళీ అయిపోయారు. హోల్డెమ్‌లో గుర్తుపెట్టుకోవాల్సిన ముక్కలే లేవు మరి. తెరిచిన అయిదూ కళ్ల ముందే ఉంటాయి. తప్పుకున్నవాళ్ల ముక్కలు ఎవరూ చూడరు. ఒక చేయి, అంటే ఒకసారి పంచిన ఆట, అయిపోగానే పేకంతా కలిపేస్తారు. గుర్తుంచుకోవాల్సింది మనుషుల్ని. గంట క్రితం ఇదే మనిషి ఇలాంటి చోట ఎంత వేశాడు, తర్వాత ఏం చూపించాడు, పెద్ద పాట్ పోగానే వచ్చిన చేతిని ఎలా ఆడాడు. పెదనాన్నకి ముక్కలు గుర్తుంటాయి, మనుషులు ఆనరు. రమ్మీ ఆయన్ని ఆ పని ఎప్పుడూ గట్టిగా అడగలేదు.

ఇక్కడ మావయ్య అవధానాన్ని తెచ్చారు. ఇన్ని సంగతులు ఒకేసారి బుర్రలో పట్టి ఉంచడమే గొప్ప అయితే అవధానిని మించిన పోకర్ ఆటగాడు ఎవరుంటారు అని. విజయనగరం మనిషికి అవధానం అనగానే ఆదిభట్ల నారాయణదాసు గుర్తుకు రావడం సహజం. 1919లో ఇక్కడ సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. హరికథలతో పాటు అష్టావధానాలూ చేసిన మనిషి. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపులా లాగుతుంటే, అప్రస్తుత ప్రసంగి పానకంలో పుడకలా అడ్డొస్తుంటే, ఆగిన పద్యాన్ని ఆగిన పాదం దగ్గరే అందుకోవడం మాటలు కాదు. ఆ ఏకాగ్రత పోకర్‌కి బ్రహ్మాండంగా పనికొస్తుంది. అయితే అవధాని తప్పు చేస్తే సభకి వెంటనే తెలుస్తుంది. గణం చెడినా యతి తప్పినా పట్టుకునేవాళ్లు ఎదురుగానే ఉంటారు. పోకర్‌లో తప్పుగా ఆడి గెలుస్తావు, సరిగ్గా ఆడి ఓడతావు, నీకు చెప్పేవాడు ఉండడు. పైగా తప్పుగా ఆడి గెలిచిన రోజు అందరూ భుజం తడతారు. మెప్పు తప్పుదారి పట్టించే చోట నేర్చుకోవడానికి కావాల్సిన బుద్ధి వేరు, అవధానం ఆ బుద్ధిని పరీక్షించదు.

మావయ్య గారి ప్రాబబిలిటీకి వద్దాం. యాభై రెండు ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 విధాలుగా రావచ్చు. ఏది ఇస్పేటు, ఏది డైమను అన్నది వదిలేసి, రెండూ ఒకే రంగా కాదా అని మాత్రం చూస్తే అవి 169 రకాలకి దిగుతాయి. రెండు ఆసులు వచ్చే అవకాశం 221లో ఒకటి. ఆటలో కూర్చున్నాక వేసే లెక్క ఇంకా చిన్నది. పాట్‌లో వెయ్యి రూపాయలున్నాయి, ఎదుటివాడు 500 వేశాడు అనుకోండి. మనం 500 వేస్తే 1,500 వచ్చే వీలుంది, అంటే నాలుగింట ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. మన చేతిలో రెండు ఆఠీన్లు, తెరిచిన మూడింటిలో రెండు ఆఠీన్లు. అయిదు ముక్కలూ ఒకే రంగైతే గట్టి చేయి, కాబట్టి ఇంకో ఆఠీను కావాలి. బయట మిగిలినవి తొమ్మిది. వచ్చే ఒక్క ముక్కలోనే అయిదో ఆఠీను పడే అవకాశం వందకి 19, మిగిలిన రెండు ముక్కలూ కలిపి చూస్తే 35. మనకి కావాల్సింది 25. ఒక్క ముక్క కోసమే అయితే గిట్టదు. ఆఠీను పడ్డాక ఎదుటివాడి దగ్గర ఇంకా రాబట్టొచ్చనుకుంటే గిట్టొచ్చు. ఇందులో ఏడో తరగతి దాటిన లెక్క లేదు.

మావయ్యకి ఇది నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఆయన ఆగిపోయేది ఆ తర్వాత మెట్టు దగ్గర. "వాడి దగ్గర ఏముంది?" అని ఆలోచించి, ఒక జత ఊహించుకుని, దానికి లెక్క కడతారు. బాగా ఆడేవాళ్లు అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది: ఇలా వేసేవాడి దగ్గర ఏమేం ఉండొచ్చు, ఒక్కొక్కటీ ఎన్ని విధాలుగా ఉండొచ్చు? బల్ల మీద రాజు పడింది, ఎదుటివాడు గట్టిగా పెంచాడు. చేతిలో ఇంకో రెండు రాజులున్నాయేమో అని గుండె జారుతుంది. కానీ ఒక రాజు బల్ల మీదికి వచ్చేశాక మిగిలిన మూడింటిలోంచి రెండు రాజులు మూడు విధాలుగానే రాగలవు. ఆసూ రాజూ కలిసి రావడానికైతే నాలుగు ఆసులు, మూడు రాజులు, మొత్తం పన్నెండు విధాలు. మనం భయపడుతున్నదాని కన్నా నాలుగు రెట్లు. అక్కడితో గణితం అయిపోయింది. ఆసూ రాజూ పట్టుకుని ఈ మనిషి అసలు అంత గట్టిగా పెంచే రకమేనా అన్నది ఏ సూత్రమూ చెప్పదు. లెక్క ఎక్కడ ఆగుతుందో, మనిషి ఎక్కడ మొదలవుతాడో తెలియడమే మావయ్యకి కొరవడింది.

బావ మొహం సిద్ధాంతం మీద నాకు పెద్ద గౌరవం లేదు. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని ఒక క్యాసినోలో, కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో తయారైన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు ప్రొఫెషనల్ ఆటగాళ్లతో విడివిడిగా ముఖాముఖి ఆడింది. 20 రోజులు, 1,20,000 చేతులు. నలుగురూ ఓడిపోయారు. 2019లో ప్లూరిబస్ అనే ఇంకో ప్రోగ్రాం ఆరుగురు కూర్చునే ఆటలోనూ నెగ్గింది. వాటికి కళ్లు లేవు. ఎవరి గొంతు వణికింది, ఎవరికి చెమట పట్టింది, ఏదీ తెలియదు. కనపడేవల్లా ముక్కలూ పందేలూ.

బ్లఫ్, అంటే చేతిలో ఏమీ లేకుండానే ఉన్నట్టు పందెం వేయడం, ఉత్త నటన అని జనం అనుకోవడం కూడా ఇలాంటిదే. గణితవేత్త జాన్ వాన్ నాయ్‌మన్ పోకర్‌ని బాగా సరళం చేసి, 1944లో వెలువరించిన ఆటల సిద్ధాంతంలో ఒక వింత సంగతి తేల్చాడు. బాగా మంచి చేతులతో పందెం కాయాలి, బాగా చెత్త చేతులతోనూ కాయాలి, మధ్యరకం చేతులతో ఊరుకోవాలి. కాస్త ఆలోచిస్తే సబబే అనిపిస్తుంది. మధ్యరకం చేతికి ముక్కలు చూపించుకునే దగ్గర ఎంతో కొంత అవకాశం ఉంది, దాన్ని బ్లఫ్‌కి తగలేయడం ఎందుకు? చెత్త చేతికి ఎదుటివాడు తప్పుకోవడం తప్ప వేరే దారి లేదు. ఎన్నిసార్లు బ్లఫ్ చేయాలన్నదీ లెక్కే. ఆఖరి ముక్క పడ్డాక, పాట్‌లో ఎంతుందో అంత పందెం వేసే మనిషి రెండుసార్లు గట్టి ముక్కలతో వేస్తే ఒకసారి ఉత్త చేత్తో వేయాలి. అంతకన్నా తగ్గిస్తే తెలిసినవాళ్లెవరూ ఆ పందెం అందుకోరు, పెంచితే ప్రతివాడూ అందుకుంటాడు. మా మేనల్లుడి దమ్ము ఇక్కడే తేలిపోతుంది. వాడు హుషారొచ్చినప్పుడు బ్లఫ్ చేస్తాడు. హుషారు మొహంలో దాచుకున్నా, గుప్పిట్లోంచి పడే పిక్కలు చెప్పేస్తాయి.

మనవాళ్లు కూర్చున్న ఆటలో ఇంకో అంశం ఉంది, దాన్ని ఏ కంప్యూటరూ లెక్కలోకి తీసుకోదు. వరసలు. బావ పందెం వేస్తే మావాళ్లు తప్పుకోరు. చేతిలో ఏమీ లేకపోయినా ఆఖరిదాకా ఉంటారు, ఎందుకంటే బావ బ్లఫ్‌కి పడిపోయానని తేలితే వచ్చే సంక్రాంతి దాకా ఆ వెక్కిరింపు తప్పదు. అదే పెదనాన్న వేస్తే మంచి ముక్కలున్నవాళ్లు కూడా మెల్లగా పడేస్తారు, పెద్దాయన సరదాపడ్డారు పోనీలే అని. పిల్లనిచ్చిన మావగారి మీద బ్లఫ్ వేయడానికి ఏ అల్లుడికైనా చెయ్యి రాదు. నిజానికి చింతపిక్కల ఆటలో మనిషి అసలు స్వభావం బయటపడదని నా అనుమానం, పోతే పిక్కలే కదా అని అందరూ ఎడాపెడా వేస్తారు. కానీ వరస అడ్డొచ్చిన చోట మాత్రం డబ్బు చేసే పని పరువు చేసేస్తోంది. ఇది గమనించిన మనిషికి పండగే. ఉదాహరణకి బావ బ్లఫ్ పూర్తిగా మానేసి గట్టి ముక్కలకే పందెం వేస్తే చాలు, వద్దన్నా అందరూ తెచ్చి ఇస్తారు. ఆయన మానడు. మొహం మీద అంత నమ్మకం.

దీన్ని గమనించింది పిన్ని ఒక్కతే. ఆమె జీవితంలో పేక పట్టింది లేదు. వీధిలో వాళ్లతో నెల చీటీ నడుపుతుంది. చీటీ పాటలో కూర్చున్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. పాట ఎంత పెరిగితే మిగతావాళ్లు ఆ నెల కట్టేది అంత తగ్గుతుంది. కాబట్టి అవసరం లేనివాళ్లు కూడా అవసరం ఉన్నట్టే పెంచుకుంటూ పోతారు. ఎక్కడ ఆపాలో తెలియకపోతే చీటీ తన మీదే పడుతుంది, అక్కర్లేని డబ్బు నష్టానికి తీసుకోవాల్సి వస్తుంది. ఎవరికి ఈ నెల నిజంగా డబ్బు కావాలి, ఎవరు ఊరికే ఎగదోస్తున్నారు, వాళ్లు ఎంతదాకా వస్తారు. పిన్ని ఏళ్ల తరబడి చేస్తున్న పని ఇది, అదీ తప్పు జరిగితే వీధి వీధంతా గుమ్మంలోకి వచ్చే చోట.

పోకర్ నేర్చిన సాయంత్రం ఆమె వచ్చిన చేతుల్లో చాలా వాటిని పడేస్తూ కూర్చుంది. "ఆడవేంటి పిన్నీ" అని అందరూ ఎగతాళి చేశారు. చీకటి పడేసరికి బావ ముందు గుప్పెడు పిక్కలు, ఆమె ముందు గుట్ట. "నా దగ్గర ఏమీ లేదని ఎలా తెలిసింది అత్తయ్యా?" అని బావ అడిగాడు. "ముక్కలున్నప్పుడు నువ్వు మాటాడవు బాబూ. ఏటీ నేకపోతేనే కబుర్లు సెప్తావు" అంది. కనుబొమ్మ కదల్లేదు, నిజమే. నోరు కదిలింది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎంతో కొంత నేర్చుకోగలిగినవే. ఓడినప్పుడు మనిషి ఏమవుతాడు అన్నది మాత్రం నేర్పడం చాలా కష్టం. రెండు ఆసులు పట్టుకుని, రెండు రాజులున్నవాడితో మొత్తం డబ్బు పందెం కాశావనుకో. ఇంతకన్నా మంచి స్థితి ఈ ఆటలో దాదాపు లేదు. అయినా వందలో 18 సార్లు నువ్వే ఓడతావు. ఆ పద్దెనిమిదిలో ఒకటి ఈరోజు నీ మీద పడింది. తర్వాతి చేతికి నువ్వు అదే మనిషివా? ఆటగాళ్లు దీన్ని టిల్ట్ అంటారు. బుర్ర వేడెక్కి, లెక్క తెలిసీ లెక్క వేయని స్థితి. మనకి ఒక సామెత ఉంది, పోగొట్టుకున్న చోటే వెతుక్కోవాలని. పోయిన ఉంగరానికి అది మంచి సలహా. పేకాటకి అంతకన్నా విషం లేదు. పోయింది రాబట్టాలని రేటు పెంచి, ఇంకా పోతే ఉంగరం తీసి పెట్టి, తెల్లారేదాకా కూర్చున్న మనుషులు మా రెండు జిల్లాల్లో ప్రతి ఊళ్లోనూ కనపడతారు. వాళ్లలో కొందరు చాలా బాగా ఆడేవాళ్లు. వాళ్లకి ముక్కలు తెలుసు, మనుషులు తెలుసు, లెక్క తెలుసు. లేవడం తెలియదు.

లేవడం కూడా ఒక నైపుణ్యమేనని మనం ఒప్పుకోం. ఓడి లేస్తే పిరికివాడు. గెలిచి లేస్తే మరీ ఘోరం: "గెలుచుకుని పోతావేటి, కూకో!" అని చెయ్యి పట్టి కూర్చోబెడతారు. అలా కూర్చోబెట్టేవాళ్లు రేపు పెళ్లిలో ఎదురుపడే చుట్టాలే కాబట్టి, లేచి వెళ్లడానికి బ్లఫ్ చేయడానికి కావాల్సినదానికన్నా ఎక్కువ దమ్ము కావాలి. మా మేనల్లుడు దమ్ము గురించి చెప్పినప్పుడు ఇది వాడి మనసులో లేదనుకుంటాను. వాడి మనసులో ఉన్నది క్రిస్ మనీమేకర్. నిజంగా ఆ మనిషి ఇంటిపేరే అది. 2003లో అమెరికాకి చెందిన ఈ అకౌంటెంటు వంద డాలర్ల లోపు ఆన్‌లైన్ పోటీ ద్వారా ప్రపంచ పోకర్ పోటీల్లో చోటు సంపాదించి, 839 మందిలో మొదటివాడై 25 లక్షల డాలర్లు గెలిచాడు. ఆఖరి ఇద్దరిలో శామ్ ఫర్హా మీద ఏమీ లేని చేత్తో మొత్తం చిప్స్ తోసేసి, అతనితో గెలిచే ముక్కలు పడేయించాడు. ఆ వీడియో చూసి ఎంతమంది కుర్రాళ్లు పోకర్ మొదలుపెట్టారో! మిగిలిన 838 మంది వీడియోలు ఎవరూ చూడరు.

మొదట్లో చెప్పిన సాక్షి స్టూ ఉంగర్. న్యూయార్క్‌లో పుట్టినవాడు. ముందు జిన్ రమ్మీ ఆడేవాడు, మన రమ్మీకి దగ్గరి చుట్టం. అందులో ఎంత గొప్పవాడంటే కొన్నాళ్లకి అతనితో డబ్బు పెట్టి ఆడేవాళ్లే దొరకలేదు. పెదనాన్న వింటే సంతోషించే కథ. ఎదురు లేక పోకర్‌కి మళ్లి 1980లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు, 1981లో మళ్లీ అయ్యాడు. జ్ఞాపకం, లెక్క, మనుషుల్ని చదవడం, తెగువ, నాలుగూ పదికి పది. వచ్చిన డబ్బు గుర్రప్పందేలకీ, మ్యాచ్‌ల మీద బెట్టింగులకీ, మత్తుమందులకీ పోయింది. 1997లో మూడోసారి చాంపియన్ అయినప్పుడు ప్రవేశ రుసుము పదివేల డాలర్లు కూడా ఒక స్నేహితుడు కట్టాల్సి వచ్చింది. మొదటి బహుమతి పది లక్షల డాలర్లు, గెలుపులో ఆ స్నేహితుడి వాటా పోగా తనకి మిగిలిందీ నెలల్లో కరిగిపోయింది. 1998 నవంబరులో లాస్ వేగాస్‌లో ఒక చవక మోటల్ గదిలో చనిపోయి కనిపించాడు. వయసు 45.

ఉంగర్ ఆటలో లోపం ఉందని ఎవరూ అనరు. సున్నా ఆట బయట ఉంది. చేతిలో ఉన్న డబ్బులో ఎంత బల్ల మీదికి తేవాలి, ఏ బల్ల దగ్గర కూర్చోవాలి, ఎప్పుడు ఇంటికి వెళ్లాలి. ఒక బల్ల దగ్గర కూర్చోవడానికి పెట్టేదానికి కనీసం ఇరవై ముప్ఫై రెట్లు విడిగా ఉంటే తప్ప అక్కడ కూర్చోవద్దని ఆటగాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. చెప్పుకుంటారు గానీ పాటించేవాళ్లు తక్కువ. బల్ల ఎంచుకోవడం ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ అహం అడ్డొస్తుంది. ప్రపంచంలో పదో గొప్ప ఆటగాడైనా తనకన్నా మెరుగైన తొమ్మిది మందితోనే రోజూ కూర్చుంటే దివాలా తీస్తాడు. తనకన్నా బలహీనుల్ని వెతుక్కుని కూర్చోవడంలో గొప్పతనం ఏమీ కనపడదు, కానీ బతుకు అక్కడే ఉంది.

ఉంగర్‌కి పూర్తిగా ఎదురు కొసన మరియా కొన్నికోవా కనపడుతుంది. మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసిన రచయిత్రి, అంతకుముందు పేకాట అలవాటే లేదు. అనుభవజ్ఞుడైన ఎరిక్ సైడెల్ దగ్గర శిష్యరికం చేసి 2018లో బహామాస్‌లో ఒక పెద్ద పోటీ గెలిచింది. ఆమెలో ఏ ఒక్క గుణమూ ఉంగర్ స్థాయిలో లేదు. సున్నా కూడా లేదు. మెప్పు తప్పుదారి పట్టిస్తుందని పైన అన్నాను కదా, దానికి తెలిసిన మందు ఇదొక్కటే: గెలిచిన చేతినీ ఓడిన చేతినీ ఒకేలా కూర్చుని చర్చించడం, అదీ నిన్ను పొగడాల్సిన అవసరం లేని మనిషితో.

నైపుణ్యం అన్న మాటని మనవాళ్లు వాడుకునే తీరు గురించి కూడా నాకు గట్టి ఫిర్యాదు ఉంది. 1967లో సుప్రీంకోర్టు, సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలి, ఏది దించాలి అన్నది తెలియాలి అని కారణం చెప్పింది. మూడు ముక్కలాట ఉత్త అదృష్టం అని పక్కన పెట్టింది. అప్పటి నుంచి "ఇది స్కిల్ గేమ్ అండీ, కోర్టే చెప్పింది" అన్న మాట మా వైపు క్లబ్బుల్లో మంత్రంలా వినపడుతుంది, తర్వాత ఫోన్లలోకీ వచ్చింది. ఆ మాట వినగానే జనానికి భయం పోతుంది. నిజానికి పెరగాలి. ఉత్త అదృష్టం మీద నడిచే ఆటలో చేతకానివాడికీ చేతనైనవాడికీ ఒకే అవకాశం ఉంటుంది. నైపుణ్యం ఉన్న ఆటలో చేతకానివాడు ఇవాళ కాకపోతే రేపు ఓడి తీరతాడు, నైపుణ్యం అంటే అర్థమే అది. దానికి తోడు ఆట నడిపేవాడు ప్రతి పాట్‌లోంచీ తన వాటా కోసుకుంటాడు. ఆరుగురు సరిసమానులు రాత్రంతా ఆడితే ఆరుగురూ నష్టపోయి లేవచ్చు. అంటే పక్కవాడికన్నా కొంచెం బాగా ఆడితే చాలదు, ఆ కోతని కూడా దాటేంత బాగా ఆడాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో ఆన్‌లైన్ రమ్మీనీ పోకర్‌నీ నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టం నైపుణ్యమా అదృష్టమా అన్న తేడాయే చూడకుండా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ ఆపేసింది. ఆట మీద ఇష్టం ఉన్నవాడిగా నాకు ఆ గంపగుత్త వేటు పూర్తిగా నచ్చలేదు. ఫోన్లో జీతం పోగొట్టుకున్న కుర్రాళ్లని చూసినవాడిగా దాని మీద పోట్లాడాలనీ అనిపించలేదు.

అన్ని గుణాలూ ఉన్న మనిషి ఉంటే ఏం చేస్తాడు? ఆ కోతా, ఆ చట్టం, ఆ రాత్రులూ లెక్కేసుకుని, చాలాసార్లు ఆటకే కూర్చోడు. మా ఇంట్లో ఆ లెక్క అందరికన్నా త్వరగా వేసింది పిన్నే. బెంగళూరు వస్తే డబ్బు పెట్టి ఆడే స్నేహితుల దగ్గరికి తీసుకెళ్తానని బావ అంటే, "ఆళ్లకి మన గురించి తెలుసా, మనకి ఆళ్ల గురించి తెలుసా?" అని అడిగింది. బావ దగ్గర జవాబు లేదు.

మేనల్లుడు మాత్రం పట్టు వదల్లేదు, నేర్పమని నా వెనక పడ్డాడు. సరే అన్నాను, ఒక షరతు మీద. డబ్బు ముట్టుకోకుండా ఆడాలి, పడేసిన ప్రతి పెద్ద చేతికీ ఎందుకు పడేశాడో అప్పటికప్పుడు ఒక నోటుబుక్కులో రాయాలి, అది నిండాక తెచ్చి చూపించాలి. బ్లఫ్‌ల సంగతి రాయనక్కర్లేదా అని అడిగాడు. అక్కర్లేదన్నాను. ఇంకా నోటుబుక్కు కొనలేదట.